చాపకి పళ్ళు కావాలి

మా ఇంట్లో పళ్ళకీ గిన్నెలకీ ఒకటే బూడిద. మొవ్వలో మా నూతి చప్టా మీద ఒక రేకు డబ్బా ఉండేది. అందులో జల్లించిన ఊక బూడిద, దాంట్లో నూరి కలిపిన ఉప్పు. పొద్దున్నే అమ్మ అంట్లు తోమి బోర్లించి, అదే డబ్బా ముందు మమ్మల్ని వరసగా కూర్చోబెట్టేది. ముందు నేను, తరవాత తమ్ముడు. మా చూపుడువేళ్ళ మీద ఆవిడకి నమ్మకం లేదు. తనే తోమేది. తోమాక గడ్డం పట్టుకుని, పై పెదవి ఎత్తి, వెలుతురుకేసి తిప్పి చూసేది. ఇత్తడి చెంబుని కూడా అలాగే తిప్పి చూసేది. చెంబు ఏడ్చేది కాదు, మేం ఏడ్చేవాళ్ళం. అంతకుమించి ఆవిడ మాకూ చెంబుకూ తేడా చూపించినట్టు నాకు గుర్తులేదు.

తరవాత బ్రష్షులొచ్చాయి, పేస్టులొచ్చాయి. బూడిద డబ్బా పోయింది. మాట మాత్రం పోలేదు. పళ్ళు తోముకుంటాం, గిన్నెలు తోముతాం. కొట్లో నేనెప్పుడూ గట్టి బ్రష్షే అడిగి తీసుకునేదాన్ని. మెత్తని బ్రష్షుతో తోమితే తోమినట్టు ఉండదు కదా. పెళ్ళయి బందరు వచ్చాక కూడా అమ్మ పొద్దున్నే ఫోన్ చేసి మొట్టమొదట అడిగేది అదే.

"పళ్ళు తోముకున్నావా?"

నాకు యాభై దాటాయి. ఇప్పటికీ అదే అడుగుతుంది. ఆవిడ ఇప్పుడు గుడివాడలో తమ్ముడి దగ్గర ఉంటోంది. తోముకున్నానని చెప్తే గానీ కాఫీ సంగతికి రాదు.

నేను బందరులో ఒక హైస్కూల్లో తెలుగు చెప్తాను. వెనకాల పిల్లలు నన్ను చాప మేడం అంటారని నాకు తెలుసు. ఆ పేరు ఊరికే రాలేదు. చాపలో చ వేరు, చేపలో చ వేరు. మొదటిది నాలుక పళ్ళకి ఆనించి పలకాలి. రెండోది అంగిలికి ఆనించి. ఇంగ్లీషు చదువుల పిల్లలు రెండిటినీ ఒకే చ తో లాగించేస్తారు. అది వింటే నాకు పంటి కింద రాయి పడ్డట్టు ఉంటుంది. "చాపకి పళ్ళు కావాలిరా, చేపకి అంగిలి చాలు" అని ప్రతి ఏడూ ప్రతి తరగతిలోనూ చెప్తాను. కోడూరు వైపు నుంచి వచ్చిన పిల్లలు కొందరు సేప అంటారు. ఆ చేప ఎక్కడ దొరుకుతుందో, ఎలా వండాలో వాళ్ళకి నాకంటే బాగా తెలుసు కాబట్టి నేను పెద్దగా దిద్దను.

ఒకరోజు తొమ్మిదో తరగతిలో బోర్డు ముందు నిలబడి, గుండెనిండా ఊపిరి పీల్చి "చాప" అన్నాను. పై వరసలో కోరపన్నుకి ఇవతలున్న ముందుపన్ను మొదట్లో జివ్వుమంది. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. చాప కోసం నేను ఏడవడం చూసి పిల్లలు మొదటిసారి నా పాఠం శ్రద్ధగా విన్నారు. ఆ తరవాత చుక్క అన్నా, చూపు అన్నా, చోటు అన్నా అదే బాధ. చెట్టు, చీమ, చేప అంటే ఏమీ లేదు. ఆ వారమంతా తాలవ్యాలతోనే నెట్టుకొచ్చాను.

అద్దంలో పెదవి ఎత్తి చూసుకుంటే, పన్ను చిగురులోకి దిగేచోట అడ్డంగా ఒక గాడి కనిపించింది. చెట్టు మొదట్లో గొడ్డలితో గాటు పెట్టినట్టుంది. బందరులోనే ఒక డాక్టరు గారి దగ్గరికి వెళ్ళాను. ఆయన చూసి, "పుచ్చు కాదు మేడం గారూ, అరుగుదల" అన్నాడు. చ సంగతి కూడా వివరంగా చెప్పాను. "చ వల్ల కాదండీ. చ అనే ముందు మీరు నోటితో గట్టిగా గాలి పీలుస్తున్నారు. ఆ చల్లగాలి తగిలి జివ్వుమంటోంది" అన్నాడు. నా దంత్య చకారానికి ఇందులో పాత్ర లేదని తెలిసి కాస్త చిన్నబుచ్చుకున్నాను.

గాడిలో ఏదో నింపి, నీలం లైటు పెట్టి గట్టిపరిచి, "జాగ్రత్తగా చూసుకోండి" అని పంపించాడు. బయట ఇంకా చాలామంది కూర్చుని ఉన్నారు. నింపినదాన్ని ఆయన ఫిల్లింగ్ అన్నాడు. మా బందరులో మాత్రం అందరం సిమెంటే అంటాం. సిమెంటు పెట్టించుకున్నానని ఇంటికొచ్చి చెప్పాను.

మా ఆయన ఇరిగేషన్ డిపార్టుమెంటు మనిషి. దివిసీమలో కాలవగట్లూ, లాకులూ, తూములూ చూసే ఉద్యోగం. సిమెంటు అన్నమాట చెవిన పడగానే పేపరు మడిచి పక్కన పెట్టారు.

"ఎప్పుడు వేశారు?"

"ఇందాకే."

"అయితే ముట్టుకోకు. సెట్ అవ్వాలి."

"లైటు పెట్టి అక్కడే గట్టిపరిచారండీ."

"లైటుకి సిమెంటు గట్టిపడ్డం నా సర్వీసులో చూళ్ళేదు," అన్నారు. ఆ మాట మీద ఇంక అప్పీలు లేదు.

మర్నాడు స్టాఫ్‌రూములో సైన్సు టీచరు గారు కూడా అదే చెప్పారు. వాళ్ళ ఆడపడుచు గట్టిగా తోముకుంటే సిమెంటు ఊడి మజ్జిగన్నంలో వచ్చిందట. ఇంత సాక్ష్యం ఉన్నాక నేను మాత్రం ఎందుకు తోముతాను? డాక్టరు జాగ్రత్తగా చూసుకోమన్నాడు. జాగ్రత్త అంటే ముట్టుకోకపోవడం అని నా అర్థం. మిగతా పళ్ళన్నీ యథాప్రకారం తోమి, ఆ పన్ను దగ్గరికి రాగానే బ్రష్షు ఎత్తి, దాటించి, అవతల దింపేదాన్ని. తోమితే ఊడుతుంది, కాబట్టి తోమకూడదు. తోమడానికీ ముట్టుకోకపోవడానికీ మధ్యలో ఇంకోటి ఉండొచ్చని నాకు తట్టనే లేదు, దానికి మాట లేదు కనక. ఊరుకున్నంత ఉత్తమం లేదు, బోడిగుండంత సుఖం లేదు అని పెద్దలు అననే అన్నారు.

కొంతకాలం నిజంగానే సుఖంగా ఉంది. చాప మళ్ళీ పలికింది. పిల్లలు మళ్ళీ వినడం మానేశారు.

ఆ తరవాత చిగురు ఎర్రబడింది. పన్ను మీదికి కాస్త వాలినట్టయి, నానబెట్టిన శనగపప్పు బద్దలా ఉబ్బింది. ఒకసారి జామకాయ కొరికితే కొరికినచోట ఎర్రగా చార కనిపించింది. ఎర్రజామేమోనని కోసి చూశాను. తెల్లజామే.

"నెత్తురొస్తోందండీ" అని మా ఆయనతో చెప్పాను.

"సిమెంటు కదిలిందా?"

"లేదు."

"మరింకేం. ముట్టుకోకు," అన్నారు.

కనక ఇంకా ముట్టుకోలేదు. ఆ రోజుల్లోనే సైన్సు టీచరు గారు నాకు యాలక్కాయలు ఇవ్వడం మొదలుపెట్టారు. మొదట అభిమానం అనుకున్నాను. నేను మాట్లాడ్డానికి దగ్గరికి వెళ్ళినప్పుడల్లా సంచీలో చెయ్యి పెట్టేసరికి సంగతి అర్థమైంది. సిగ్గుతో చచ్చిపోయాను. ఆ రోజు ఇంటికొచ్చి అద్దం ముందు నిలబడి, వేలితో ఆ పన్నుని నొక్కి చూశాను. కదిలిందో, కదిలిందని నేననుకున్నానో తెలియలేదు. భయం వేసింది.

మా అమ్మ స్కూలు ఫైనలు చదివింది. మొవ్వలో మా అరుగు మీద వానాకాలం సాయంత్రాలు వీధిలో ఆడవాళ్ళకి పురాణం చదివి వినిపించేది. గొంతు పెద్దదేం కాదు, కానీ అక్షరం అక్షరం విడివిడిగా వినపడేది. చాపలో చ నాకు నేర్పింది ఆవిడే, ఆ చాప మీదే కూర్చోబెట్టి. ఆవిడకి చిగుళ్ళ నుంచి నెత్తురొచ్చేది. వస్తే ఇంకాస్త ఉప్పు వేసుకుని ఇంకా గట్టిగా తోమేది. "చెడ్డ నెత్తురు, పోతే పోనీ" అనేది. సరిగ్గా ఇప్పటి నా వయసులో పై వరస ఒక్కొక్కటే కదిలి పోయింది. నాన్న కట్టుడుపళ్ళు చేయించారు. అవి గ్లాసులో నీళ్ళలోనే ఉండిపోయాయి. పరాయివాళ్ళ పళ్ళు నా నోట్లో ఎందుకు అంది. అప్పటికీ అరుగు మీద కూర్చుని చదవబోయింది. చూసె అన్నచోట సూసె అని వచ్చింది. ఎవరో చిన్నపిల్ల కిసుక్కున నవ్వింది. అమ్మ పుస్తకం మూసేసింది. మళ్ళీ ఆ అరుగు మీద పురాణం లేదు. అప్పటి నుంచీ నవ్వొస్తే కొంగు నోటికి అడ్డం పెట్టుకుంటుంది.

ఒక్క పన్ను పోతే నా ఉద్యోగమేం పోదు. అందం అంటారా, అది ఎప్పుడూ నా బలం కాదు. కానీ చాప పోతుంది. ఇన్నేళ్ళు పిల్లల్ని వేధించిన నేను ఒకరోజు బోర్డు ముందు నిలబడి సాప అంటాను, వాళ్ళు నవ్వుతారు, నా చెయ్యి తనంతట తనే కొంగు మీదికి వెళ్తుంది. నేను భయపడింది దానికి.

బందరు డాక్టరు దగ్గరికి మళ్ళీ వెళ్ళడానికి మొహం చెల్లలేదు. జాగ్రత్తగా చూసుకున్నారా అని అడుగుతాడు. తమ్ముడికి ఫోన్‌లో చెప్పాను. "గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తెచ్చుకుంటావేంటక్కా? మా వీధిలో డాక్టరమ్మాయి ఉంది, బయల్దేరు," అన్నాడు. అమ్మకి హల్వా కొనుక్కుని, పెడన మీదుగా వెళ్ళే బస్సెక్కి గుడివాడ వెళ్ళాను. పళ్ళు లేనివాళ్ళకి మా బందరు చేసిన మహోపకారం హల్వా.

డాక్టరమ్మాయి చిన్నపిల్ల. నన్ను ఆంటీ అంది. పళ్ళూడగొట్టుకోడానికి ఏ రాయైతేనేం అనుకుని కుర్చీలో పడుకున్నాను. సన్నటి వంకీ సూదితో పన్ను మొదట్లో మెల్లగా గీరుతూ వెళ్ళింది. ఒకచోట టిక్కుమని తట్టుకుంది. ఎక్స్‌రే తీసి, కంప్యూటర్ మీద చూపించింది.

"ఇదిగో ఆంటీ, ఫిల్లింగ్ అంచు చిగురు లోపలికి వెళ్ళి, పన్నుతో కలిసిపోకుండా మెట్టులా నించుంది. మెట్టు మీద పాచి చేరింది. పాచి చేరితే చిగురు వాస్తుంది. వాస్తే నెత్తురొస్తుంది. నెత్తురొస్తోందని మీరు బ్రష్ పెట్టరు. దాంతో ఇంకా పాచి."

"అయితే సిమెంటుదే తప్పంటావా అమ్మా?"

"చిగురు పక్కన ఫిల్లింగ్ వేస్తే అంచు నున్నగా ఉండాలి. తరవాత దాన్ని రోజూ శుభ్రంగానూ ఉంచుకోవాలి. మీకు రెండూ జరగలేదు."

"పన్ను పోతుందా?"

ఆ అమ్మాయి ఇంకా ఎక్స్‌రేకేసి చూస్తూ ఉంది. నేను కుర్చీ చెయ్యి గట్టిగా పట్టుకున్నాను.

"ఎముక కొంచెం తగ్గింది. పట్టు ఇంకా ఉంది. నేను మెట్టు అరగదీసి, శుభ్రం చేసి పంపిస్తాను. చిగురు వాపు తగ్గాక మళ్ళీ చూద్దాం. పన్ను ఉండడం, పోవడం మాత్రం మీ చేతిలో ఉంది ఆంటీ."

వైద్యులందరూ చివర్లో అనే మాటే కదా అనుకున్నాను. ఆ అమ్మాయి నిజంగా చేతి గురించే అంటోంది. పని అయ్యాక ఒక బొమ్మ దవడా, ఒక బ్రష్షూ నా ముందు పెట్టి, ఎలా చేస్తారో చూపించమంది. చూపించాను. నాలుగు రుద్దులు రుద్దేసరికి దవడ బల్ల మీంచి జారి ఆ అమ్మాయి ఒళ్ళో పడింది.

"ఆంటీ, మీరు గిన్నె తోముతున్నారు."

"పళ్ళు తోమడమంటే అదేగా."

"తోమొద్దు. అసలు తోమకండి. మీ పన్నుకి గాడి పడిందే అలా అడ్డంగా తోమి తోమి. అక్కడ చిగురు కూడా అరిగి పైకి పోయింది."

"మరేం చెయ్యను? ముట్టుకోకుండా ఉంటే ఇలా అయింది. తోమితే అలా అయింది."

ఆ అమ్మాయి మెత్తని బ్రష్షు తీసుకుని, చిగురు దగ్గర ఏటవాలుగా ఆనించి, పన్ను కొసకేసి మెల్లగా తిప్పుతూ దింపింది. "ఇలా జెంటిల్‌గా రోల్ చెయ్యండి."

"తెలుగులో ఏమంటారు?"

కాసేపు ఆలోచించింది. "తెలుగులో అంటే... మెల్లగా తోమండి," అంది.

తమ్ముడి ఇంటికి నడుస్తూ దారంతా వెతుక్కున్నాను. రుద్దడం వీపుకి. తుడవడం పలకకి. నిమరడం తలకి. చిగురు అనే మాటలోనే లేత అని ఉంది. మామిడి చిగురుని ఎవరైనా బూడిద పెట్టి తోముతారా? ఇంత సున్నితమైన పేరు పెట్టినవాళ్ళు, దాని పక్కనే చెయ్యాల్సిన పనికి అంట్లగిన్నెల మాట తగిలించి ఊరుకున్నారు. నాకు ఒళ్ళుమండింది. ఎవరి మీదో తెలియలేదు.

ఇంట్లో అడుగు పెట్టగానే అమ్మ నా జుట్టు చూసి, "బస్సులో చింపిరైపోయింది, రా" అని కింద కూర్చోబెట్టుకుంది. ఆవిడకి నా వయసుతో పనిలేదు. దువ్వెన తెచ్చింది. ఎడం చేత్తో జుట్టు మొదట్లో పట్టుకుని, కుదుళ్ళు లాగకుండా, మొదటి నుంచి కొసకి మెల్లగా దువ్వుతోంది. చిన్నప్పుడూ ఇంతే. నూతి చప్టా మీద ఏడిపించిన చెయ్యే, అరుగు మీద జడ వేస్తుంటే నిద్ర పట్టించేది. మొదటి నుంచి కొసకి, మొదటి నుంచి కొసకి.

"దువ్వడం!" అని అరిచాను.

"దువ్వుతూనే ఉన్నాగా," అంది అమ్మ.

"అది కాదమ్మా. పళ్ళు తోమకూడదట. దువ్వాలట. తోమితే పన్ను మొదలు అరిగి గాడి పడుతుందట."

దువ్వెన ఆగిపోయింది. వెనక్కి తిరిగితే అమ్మ నాకేసి చూస్తోంది.

"ఏదీ, సూడనీ," అంది.

గడ్డం పట్టుకుంది. పై పెదవి ఎత్తింది. కిటికీ వెలుతురుకేసి తిప్పింది. చాలాసేపు చూసింది. 

"నేనే కదే," అంది. "గట్టిగా తోమింది నేనే కదే."

 పెదవి ఆవిడ చేతిలోనే ఉంది కాబట్టి మాట్లాడ్డానికి లేదు. వదిలాక, "తప్పు నీది కాదమ్మా, తెలుగుది," అన్నాను.

"తెలుగుని ఏమన్నా అన్నావంటే పళ్ళు రాలగొడతాను," అంది.

అని, తనన్న మాట తనకే వినపడి నవ్వింది. కింద మిగిలిన నాలుగు పళ్ళూ కనిపించాయి. ఆ నవ్వులో కొంగు సంగతి మరిచిపోయింది. చూడనట్టు నేను ముందుకి తిరిగి కూర్చున్నాను. మళ్ళీ దువ్వడం మొదలుపెట్టింది.

బందరు వచ్చాక మా ఆయనకి మెట్టు సంగతి చెప్పాను. ఆయన తల పంకించారు. "అంతేగా మరి. సిమెంటెప్పుడూ మధ్యలో పోదు. మట్టిని కలిసేచోట పోతుంది. కోడూరు దగ్గర తూము చూడు, గట్టుకీ సిమెంటుకీ అతుకులోనే నాచు పడుతుంది, అక్కణ్ణుంచే ఊట మొదలవుతుంది. ఏటా మేం చేయించేది ఆ అతుకు శుభ్రమేగా."

"మరి నాకప్పుడు ఎందుకు చెప్పలేదు?"

"నువ్వు తూము గురించి అడగలేదుగా. పన్ను గురించి అడిగావు," అన్నారు.

మెత్తని బ్రష్షు కొన్నాను. మొదట్లో నెత్తురొచ్చింది. వచ్చినా మానకుండా చిగురు నుంచి కొసకి దువ్వాను. తరవాత రావడం తగ్గింది, ఆ తరవాత ఆగింది. వాపు దిగి, చిగురు మునుపటి రంగుకి వచ్చింది. ఫిల్లింగ్ అంచు ఇప్పుడు సన్నటి గీతలా బయటికి కనిపిస్తుంది. డాక్టరమ్మాయి చూసి ప్రస్తుతానికి మార్చక్కర్లేదు, వస్తూ ఉండండి అంది. ప్రస్తుతానికి అన్నమాట నాకు పెద్దగా నచ్చలేదు, కానీ నిజమే అయ్యుంటుంది. సైన్సు టీచరు గారు సంచీలో చెయ్యి పెట్టడం మానేశారు. నాకు యాలక్కాయలు అలవాటైపోయి ఇప్పుడు నేనే అడిగి తీసుకుంటున్నాను.

మొన్న పొద్దున మామూలుగానే అమ్మ ఫోన్ చేసింది.

"పళ్ళు దువ్వుకున్నావా?"

 "దువ్వుకున్నాను. నువ్వు?" అన్నాను.

"ఆ, ఉన్న నాలుగూ దువ్వాను. ఎంతసేపు." ఆగింది. "ఏదీ, ఓసారి సాప అను."

"చాప," అన్నాను.

అవతల ఆ చ పళ్ళకి తగిలిందో లేదో వింటోంది.

"ఆఁ, ఉంది," అంది. తరవాత కాఫీ తాగావా అని అడిగింది.